పరంగి రోగమును పటాలములును

(మన సంఘ భవనమున ఆరోగ్య వారోత్సవ సందర్భమున గావింపబడిన ప్రసంగ పాఠము)



నేటి ప్రసంగమునకు మేమెన్నుకొన్న విషయమును విని కొందరు పెద్దలు బొమలు ముడిచిరని యెఱుగుదుము. ఆడువారును పడుచువారును కూర్చుండు సభలో సుఖవ్యాధుల ప్రసక్తి యేల యని యొకరు మమ్ము సూటిగనే యడిగిరి. వారి సంకోచమును మేము తప్పు పట్టము. మనము పెరిగిన యిండ్లలో ఈ మాటలు గుసగుసలుగనే వినబడెడివి. సవాయి యనియు, సెగ యనియు పేర్లు చెప్పుటకే జంకెడివారు. అయినను, ఆ జంకువలన మేలు కలిగినదా, కీడు కలిగినదా యని విచారించుటకే మేమీ విషయమును గైకొంటిమి.

మన సంఘమున కీ విషయముతో సంబంధమేమని మీరడుగవచ్చును. మన కుటుంబములు ఈ దూర ప్రాంతములకు వచ్చిన మార్గములు పెక్కు. కొందరు నాయకరాజుల కాలమున వచ్చిరి. కొందరు వ్యాపారమునకు వచ్చిరి. కొందరు గనులకును మిల్లులకును వచ్చిరి. కాని నాగపూరు చెంతనున్న కామఠీలోను, బెంగుళూరు దండులోను, బళ్లారిలోను, మదరాసునకు దాపున పరంగిమలలోను మన పూర్వులలో పలువురు మదరాసు సైన్యము వెంటనే వచ్చి స్థిరపడిరి. సిపాయిలుగా కొందరు, వంటవారుగా, చాకళ్లుగా, బండ్లు తోలువారుగా, అంగళ్లవారుగా మరికొందరు. నేటికిని మన యిండ్లనుండి సైన్యమునకును, నౌకాదళమునకును, వైమానికదళమునకును పోవు యువకులు కలరు. కావున పటాలముల చరిత్రలో ఒక భాగము మన చరిత్రయే.

ముందుగా ఒక మాటను పరిశీలింతము. తమిళనాట నున్నవారికి పరంగిమల తెలియును. పచారి కొట్టులో పరంగిచెక్క యడిగి తెచ్చిన ముసలమ్మలు మన యిండ్లలో నుండెడివారు. ఫ్రాంకులనుండి ఫిరంగి, ఫిరంగినుండి పరంగి. ఐరోపావారి కందరికిని ఈ దేశమున వ్యాపించిన పేరది. ఆ కొండ పరంగివారి కొండ. ఆ చెక్క యేమి? 16వ శతాబ్దిలో భావమిశ్రుడు రచించిన భావప్రకాశమను వైద్యగ్రంథమున ఫిరంగ రోగమను క్రొత్త వ్యాధి వర్ణింపబడినది. అది నేడు సిఫిలిస్ అనియు, మన వాడుకలో సవాయి యనియు పిలువబడు రోగమే. ఆ రోగమునకు ఔషధముగా చీనానుండి వచ్చిన యొక దుంపను ఆయన చెప్పెను. అదియే మన పరంగిచెక్క. ఆ విధముగా రోగము పేరు, మందు పేరు రెండును మన వాడుకలో నిలిచినవి.

ఐరోపాలో ఈ వ్యాధి గొప్పగా బయటపడినది యొక దండయాత్రలో. ఫ్రెంచి రాజైన 8వ చార్లెసు 1494లో ఇటలీపై దండెత్తి, 1495లో నేపుల్సు నగరమును ప్రవేశించెను. అతని సైన్యమున పలుదేశముల కూలిబంట్లుండిరి. ఆ సైన్యము చెదరి యెవరి దేశమునకు వారు మరలినప్పుడు రోగమును వారితో కూడ పోయినది. ఇటలీవారు దానిని ఫ్రెంచి రోగమనిరి. ఫ్రెంచివారు నేపుల్సు రోగమనిరి. మనము పరంగి రోగమంటిమి. రోగమును పొరుగువాని పేర పిలుచుట సర్వదేశములందును కనబడు గుణము. తప్పు మనది కాదని చెప్పుకొనుటలో ఒక యూరట కలదు గదా! ఈ యూరటయే తరువాతి కథ కంతకును మూలము.

ఇక మన దేశమునకు వత్తము. ఇంగ్లీషు కంపెనీ కాలమున గోరాసిపాయిలలో పెక్కుమంది పెండ్లికాని పడుచువారు. పెండ్లి చేసికొని భార్యను వెంట నుంచుకొనుటకు నూటికి కొలదిమందికే అనుమతి యుండెడిది. ఇల్లు లేదు, బంధువులు లేరు, భాష రాదు. మధ్యాహ్నమంతయు ఎండకు వెఱచి బారకులో పడియుండుట, సాయంకాలము సారాయి. మన సిపాయి యన్ననో, లైనులలో ఆలుబిడ్డలతో కాపురముండెడివాడు. గోరా దళములలో ఈ రోగములతో ఆసుపత్రి చేరినవారి సంఖ్య దేశీయ దళములలోని సంఖ్యకు ఎన్నోరెట్లు హెచ్చుగా నుండుటకు నాటి వైద్యులే ఈ కారణమును చెప్పిరి. దేశీయ సిపాయి దొరతనపు ఆసుపత్రికి పోక, రహస్యముగ నాటువైద్యునొద్దకు పోవుటయు నుండెను గాన, ఆ లెక్క పూర్తిగా సరియైనదని చెప్పజాలము. అయినను భేదము పెద్దది.

ఈ యాపదకు దొరతనమువారు కనుగొనిన యుపాయమేమి? స్త్రీని బంధించుట. 19వ శతాబ్ది తొలి దశాబ్దముననే మదరాసు రాజధానిలో లాక్ ఆసుపత్రులను వెలయించి, 1830ల లో మూసివేసిరి. 1857 తిరుగుబాటు పిమ్మట గోరా సైన్యము హెచ్చుటతో 1864లో కంటోన్మెంటు చట్టమును, 1868లో అంటురోగముల చట్టమును చేసి వానిని మరల తెరచిరి. బెంగుళూరు, బళ్లారి, కామఠీ, పరంగిమలలందును అట్టివి నడచినవి. దండులో వేశ్యావృత్తిలోనున్న స్త్రీ తన పేరు నమోదు చేయించుకొని చీటీ పుచ్చుకొనవలెను. నియమిత దినములలో పరీక్షకు రావలెను. రోగమున్నట్లు తేలినచో నయమైనదని వైద్యుడు చెప్పువరకు ఆ ఆసుపత్రి విడిచి పోరాదు. రానిచో జుల్మానా, ఖైదు.

సిపాయి మాటయేమి? బ్రిటనులో సైనికులకు నియతముగా జరుగుచుండిన పరీక్షను, వారి యాత్మగౌరవమునకు భంగకరమని మానివేసిరి. సైనికుని గౌరవము గౌరవము. స్త్రీ గౌరవము గౌరవము కాదు. న్యాయాన్యాయముల మాట యటుండ, వైద్యశాస్త్రరీత్యా చూచినను ఇది వింతయే. ఇరువురి నడుమ తిరుగు రోగమును ఒక్కరియందే వెదకినచో అది తెగునా? పైగా అప్పటికి నిజమైన మందు లేదు. పాదరసమే మందు. రసపు మందు తిన్నవానికి నోరు పూచి, చొంగ కారి, పండ్లు కదలెడివి. రోగము మాత్రము లోన దాగెడిది. నయమైనదని పంపబడిన స్త్రీకి నయమైనదో లేదో చెప్పగల పరీక్షయు ఆనాడు లేదు.

ఫలితమెట్లుండెను? నమోదుకు వెఱచి స్త్రీలు పొరుగూళ్లకు పారిపోయిరి. చీటీ లేనివారు చీటీ గలవారికంటె హెచ్చిరి. పేరు వ్రాయుదుమని బెదరించి సొమ్ము గుంజు చిన్న యుద్యోగులు బయలుదేరిరి. ఇంత చేసియు 1880ల లో గోరా సైన్యమున వేయిమందికి సాలునకు 300కు మించి ఆసుపత్రి చేరికలు నమోదైన యేండ్లు కలవు. ఒకడే పలుమారు చేరియుండవచ్చును గాన ఇవి చేరికల లెక్కలేగాని మనుష్యుల లెక్కలు కావు.

ఇంగ్లండులో జోసఫీను బట్లరు అను స్త్రీ ఇట్టి చట్టములపై పదునేడేండ్లు పోరాడి, 1886లో అక్కడ వానిని రద్దు చేయించెను. ఆ యేడే మన దేశమున సేనాధిపతి రాబర్ట్సు పేర ఒక యుత్తరువు దండులకు వెడలినది. పటాలపు బజారులలో తగినంతమంది, తగిన రూపవతులైన స్త్రీలుండునట్లు చూడవలెనని దాని భావము. 1888లో అది బయటపడి బ్రిటనులో పెద్ద గగ్గోలు పుట్టెను. ఆ యేడు ఇక్కడి చట్టమును రద్దయ్యెను. కాగితముపై రద్దయ్యెనేగాని పద్ధతి మారలేదు. 1891-92 లో అమెరికా దేశీయులగు ఎలిజబెత్ ఆండ్రూ, వైద్యురాలగు కేథరిను బుష్నెల్ అను నిరువురు స్త్రీలు ఉత్తరదేశపు దండులలో తిరిగి, ఆ స్త్రీలతోనే మాటలాడి, నిర్బంధ పరీక్షలింకను జరుగుచున్నవని సాక్ష్యము సేకరించిరి. రాబర్ట్సు మొదట కాదని, విచారణ జరిగిన పిమ్మట 1893లో క్షమాపణ చెప్పుకొనెను.

నిష్పక్షపాతముగ చెప్పవలసిన మాట యొకటి కలదు. చట్టము పోయిన తరువాత రోగము తగ్గలేదు. 1895లో వేయింటికి 500కు మించి చేరికలు నమోదైనవి. చూచితిరా, చట్టము పోగానే యేమయ్యెనో యని పాత పద్ధతివారు కేకలు వేసిరి. 1897లో ఆసుపత్రి నిబంధనలు కొంతవరకు మరల వచ్చినవి. కాని 20వ శతాబ్దిలో తొలి పదేండ్లు గడచునప్పటికి ఆ సంఖ్య వేయింటికి నూరు లోపునకు దిగినది. దీనికి ఒక్కటే కారణమని చెప్పుట సాహసము. నిబంధనలలో తమ పాలున్నదని కొందరందురు. అయితే నిబంధనలు అంతకుముందు గూడ నుండి తగ్గింపలేకపోయినవి గదా! ఈ మారు క్రొత్తగా వచ్చిన వేవి? బారకులు మెరుగుపడినవి. సారాయికి బదులు టీ, కాఫీ దొరకు గదులు, ఆటస్థలములు, పఠనమందిరములు ఏర్పడినవి. 1905లో సేనాధిపతి కిచెనరు సైనికులనే యుద్దేశించి ఒక విజ్ఞాపన పత్రము వెలువరించి, ఈ విషయమున సైనికునితో నేరుగ మాటలాడెను. స్త్రీని బంధించిన కాలమున కాని పని, సైనికుని మనిషిగా చూచి మాటలాడిన కాలమున కొంత యైనదని మా యభిప్రాయము.

ఇంతలో శాస్త్రము మేల్కొన్నది. సెగరోగపు క్రిమిని నైసరు 1879లోనే కనుగొనెను. సవాయి క్రిమిని 1905లో షౌడిన్, హాఫ్‌మన్ అనువారు చూచిరి. 1906లో వాసర్మన్ రక్తపరీక్ష వచ్చెను. 1910లో ఎర్లిక్ కనుగొన్న సాల్వర్సాన్ వాడుకలోనికి వచ్చెను. ఇక రోగము శాపము కాదు, పాపఫలము కాదు. కంటికి కనబడు క్రిమి, మందుకు లొంగు క్రిమి.

అయినను సిగ్గు మాత్రము క్రిమికంటె మొండిది. మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిషు సైన్యమున ఈ రోగములవలన 4 లక్షలకు మించి ఆసుపత్రి చేరికలు జరిగినవి. ఎట్టీ రౌట్ అను న్యూజీలండు స్త్రీ, సైనికులకు రక్షణ సామగ్రినిచ్చుట మేలని పోరాడగా, 1917 చివర ఆ దేశపు సైన్యము ఆమె మాట నంగీకరించి పంచిపెట్టెను. కాని ఆ దేశపు పత్రికలలో ఆమె పేరు ప్రచురించుటనే ప్రభుత్వము నిషేధించెను! సామగ్రి కావలెను, చెప్పిన స్త్రీ పేరు మాత్రము పనికిరాదు. మరియొక ప్రక్క, రోగము వచ్చిన సైనికునికి జీతము కోయు పద్ధతి పలు సైన్యములలో నుండెను. జీతము పోయిన, ఇంటికి పంపవలసిన సొమ్ము తగ్గును. తగ్గిన, ఇంట ప్రశ్న పుట్టును. కావున సైనికుడు దాచెను. దాచిన వాడు తన దేహమునే గాక తాను తాకిన దేహములను గూడ చెఱచెను.

ఈ విషయమును తెలిసికొనిన ప్రభుత్వము లేవి చేసిన పని యేమి? 1916లో బ్రిటను నాటి నిబంధనలచే పౌరులకు ఉచితముగను రహస్యముగను చికిత్స చేయు వైద్యశాలల నేర్పరచెను. 1943లో అమెరికాలో మహోనీ మొదలగువారు పెనిసిలిను సవాయిని నయము చేయునని చూపిరి. 1944లో అమెరికా ప్రభుత్వము రోగపీడితుడైన సైనికుని జీతము కోయు చట్టమును తీసివేసెను. ఒక ప్రక్క మందు, మరియొక ప్రక్క భయము లేకుండ వచ్చి చెప్పుకొను వీలు. రెండును కలసినప్పుడే మేలు జరుగును. మందు మాత్రముండి, చెప్పుకొను వీలు లేనిచో ఆ మందు సీసాలోనే యుండును.

ఇక మన యింటి మాట చెప్పెదము. మా యెఱుకలోని ఒక కుటుంబము కలదు. ఊరు పేరు చెప్పము. ఆ యింటి కుమారుడు జవాను. సెలవులకు వచ్చి వివాహమాడెను. కోడలికి రెండు కాన్పులు మృతశిశువులే. అత్తగారు కోడలి జాతకము చూపించినది, గ్రహశాంతి చేయించినది, పుట్టింటికి పంపుదునని బెదిరించినది. మూడవ మారు గర్భమున ఒక ప్రభుత్వ వైద్యశాలలో నర్సమ్మ రక్తపరీక్ష చేయించగా సవాయి యని తేలినది. అప్పుడు ఆ యువకుడు నోరు తెరచెను. వివాహమునకు ముందు ఒక పుండు లేచినదనియు, నొప్పి లేకుండుటచే తానే మానినదనుకొని, దారిప్రక్క నొక బల్లవైద్యునొద్ద సూది వేయించుకొని యూరకుంటిననియు చెప్పెను. తన సైనిక వైద్యునితో చెప్పిన పేరు పోవునని భయపడెనట! ఇరువురికిని చికిత్స జరిగినది. బిడ్డ ఆరోగ్యముగ పుట్టినది. నేడు బడికి పోవుచున్నది. కాని ముందు పోయిన యిద్దరు శిశువుల మాట? ఆ తల్లి పడిన నింద మాట? కంటోన్మెంటులో చీటీ పట్టుకొని నిలుచున్న నాటి స్త్రీకిని, మన నడింటిలో నింద మోసిన ఈ కోడలికిని భేదమెంత? నాడు దొరతనము చేసిన పనినే నేడు మన యిల్లు చేసినది.

కావున కొన్ని ముఖ్య విషయములను విన్నవించుకొందుము.

సవాయి మొదటి పుండు తరచుగా నొప్పి లేనిది. అది తనంత తానే మానును. మానుట నయమగుట కాదు. క్రిమి దేహమున దాగి, ఏండ్ల పిమ్మట గుండెను, మెదడును, కండ్లను పట్టగలదు. గర్భిణినుండి శిశువునకు పోగలదు. తొలిదశలో పెనిసిలిను సూది ఒక్కటి చాలును; ఆలసించిన కొలది సూదులు హెచ్చును. అందుచే ప్రతి గర్భిణికిని తొలి మాసములలోనే రక్తపరీక్ష చేయించుడు. ఇది అనుమానము కాదు. రక్తహీనతకు చేయు పరీక్షవంటిదే.

సెగరోగము స్త్రీలలో పెక్కుమారులు ఏ లక్షణమును చూపదు. చూపకయే గర్భాశయ నాళములను చెఱచి సంతానమును లేకుండ చేయగలదు. ఈ క్రిమి నేడు పలు మందులకు లొంగకున్నది. మందులషాపులో అడిగి తెచ్చుకొన్న మాత్రలతో దానిని మరింత మొండి చేయకుడు. భార్యాభర్తలలో ఒకరికి రోగమున్న ఇరువురును పరీక్ష చేయించుకొనవలెను. ఒక్కరికే మందిచ్చుట పాత లాక్ ఆసుపత్రి పద్ధతియే.

హెచ్.ఐ.వి. సంగతి. మన దేశమున అది 1986లో మొదట మదరాసులో కనుగొనబడినది. నాడు మందు లేదు. 2004 నుండి ప్రభుత్వము ఉచితముగ మందులిచ్చుచున్నది. క్రమముగ మందు వాడి, రక్తములో క్రిమి పరీక్షకు దొరకనంతగా తగ్గిన స్థితిలో నిలిచినవారినుండి దాంపత్యమువలన అది వ్యాపింపదని శాస్త్రము నిర్ధారించినది. 2017 నాటి చట్టము ప్రకారము రోగి యంగీకారము లేక పరీక్ష చేయరాదు, అతని సంగతి బయటపెట్టరాదు, ఆ కారణమున ఉద్యోగమునుండి అన్యాయముగ తొలగింపరాదు. ఇది సిగ్గుతో వంచుకొనవలసిన రోగము కాదనుటకు మరియొక దృష్టాంతము: 2002లో ఒక సైనిక వైద్యశాలలో రక్తమెక్కించుటవలన ఈ వ్యాధి సోకిన వైమానికదళోద్యోగికి, మన సుప్రీంకోర్టు 2023లో కోటిన్నరకు మించి పరిహారము నిర్ణయించినది. ఆ మనిషి చేసిన తప్పేమి? దేశసేవలో రోగియై ఆసుపత్రి చేరుటయే.

కొందరు పెద్దలు, ఇట్లు బాహాటముగ చెప్పిన యువకులు చెడుదురని భయపడుదురు. సదాచారము వలదని మేము చెప్పుటలేదు. సంయమము మేలు; వివాహధర్మమును పాటించుట మేలు. అంత నిగ్రహము లేనివాడు తొడుగు వాడుట మేలు. వాడియు అనుమానము కలిగిన పరీక్ష చేయించుకొనుట మేలు. ఈ మెట్లలో దేనినైనను తప్పినవానికి తరువాతి మెట్టును చూపవలెనేగాని, తప్పితివి గాన పడిపొమ్మని చెప్పుట ధర్మము కాదు. వాడు పడినచో ఒంటిగా పడడు.

కడపటి మాట. సెలవునకు వచ్చిన కుమారునకు గారెలు వండి పెట్టుదురు, దిష్టి తీయుదురు, పిల్లను చూడబోదురు. మంచిదే. దానితోబాటు తండ్రియో, మేనమామయో, అన్నయో అతనిని ప్రక్కకు పిలిచి, నాయనా, దేహమున ఏదైన నలత యున్న మాతో చెప్పుము, మీ పటాలపు వైద్యునితో చెప్పుము, నిన్నెవరును ఏమియు ననరు అని చెప్పవలెను. పెండ్లి నిశ్చయమైనప్పుడు ఇరుపక్షములవారును రక్తపరీక్షకు సమ్మతించుట మర్యాదగా పెట్టుకొందురుగాక. కాని అబ్బాయిని విడిచి అమ్మాయినే పరీక్షింపుమను వారికి మన సంఘము తాంబూలము నందీయకుండుగాక!

రోగమునకు పొరుగువాని పేరు పెట్టుట మాని, స్వంత పేరుతో పిలిచి, మందు వేయుట నేర్చుకొందము.